ఏజిస్ రివ్యూ: అంగారకుడి మీద ఏ రాయిని ముందు చూడాలో ఎంచే సాఫ్ట్‌వేర్‌కు ఎన్ని మార్కులు?

ఇది అంగట్లో దొరికే సరుకు కాదు. ధర లేదు, డౌన్‌లోడ్ చేసుకునే వీల్లేదు. ఇప్పటిదాకా దీన్ని వాడినవి మూడే బండ్లు: ఆపర్చునిటీ, క్యూరియాసిటీ, పర్సెవరెన్స్. మూడూ నాసా రోవర్లే, మూడూ అంగారకుడి మీదివే. అయినా మిక్సీకో ఫోనుకో రాసినట్టు దీనికీ రివ్యూ రాయొచ్చు. ఇలాంటి రాయి కావాలని ముందే చెప్పి ఉంచితే, ఎదురుగా ఉన్న రాళ్లలోంచి దానికి సరిపోయేదాన్ని పట్టుకోవడం దీని పని. ఆ పని ఎంత బాగా చేస్తుందో, ఎక్కడ బోల్తా పడుతుందో చెప్పడానికి లెక్కలున్నాయి.

మార్కులు ముందే చెప్పేస్తాం: 5కి 4. ఆ పోయిన ఒక్కటి ఎక్కడ పోయిందో చదువుతుంటే తెలుస్తుంది.

తయారీ కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ, అంటే జేపీఎల్. తారా ఎస్ట్లిన్ బృందం రాసిన ఈ ప్రోగ్రామును 2009 చివర్లో ఆపర్చునిటీకి పంపారు. 2010 మార్చిలో అది మొదటి రాయిని ఎంచుకుంది. 2011లో నాసా ఇచ్చే ఆ ఏటి మేటి సాఫ్ట్‌వేర్ అవార్డు దీనికే వచ్చింది. క్యూరియాసిటీలో 2016 మే నుంచి రోజువారీ వాడుకలో ఉంది. పర్సెవరెన్స్‌లో సూపర్‌క్యామ్ అనే పరికరానికి గురి చూపిస్తోంది. ఈ రివ్యూ ఎక్కువగా క్యూరియాసిటీ కూర్పు గురించే. ఎక్కువ కాలం వాడిందీ, గట్టి లెక్కలు బయటికొచ్చిందీ దానికే.

అసలు ఇది ఎందుకు కావాల్సి వచ్చింది? భూమి నుంచి అంగారకుడికి సిగ్నల్ వెళ్లడానికి, రెండు గ్రహాల మధ్య దూరాన్ని బట్టి, 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. జాయ్‌స్టిక్‌తో నడపలేమని అందరికీ తెలిసిందే కానీ, పనిని నిజంగా ఆలస్యం చేసేది ఆ నిమిషాలు కాదు, రోజుకు దొరికే ఒకటో రెండో సంభాషణలు. అంగారకుడి మీద పొద్దున భూమి నుంచి ఆ రోజు పనుల జాబితా అందుతుంది. రోవర్ నడుస్తుంది, ఆగుతుంది, కొత్త చోటు ఫొటోలు తీస్తుంది. మధ్యాహ్నం తరువాత పైన తిరిగే ఎంఆర్‌ఓ, ఒడిస్సీ, టీజీఓ లాంటి ఉపగ్రహాల ద్వారా ఆ ఫొటోలు కిందికొస్తాయి. వాటిని చూసి శాస్త్రవేత్తలు తేల్చుకుని పంపేది మర్నాటి జాబితాలోకి. అంతా సాఫీగా సాగినా ఒక చక్రం తిరగడానికి ఒక రోజు.

అంతా సాఫీగా సాగదు. అంగారకుడి రోజు, అంటే సోల్, 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. అందువల్ల అక్కడి పొద్దుకూ కాలిఫోర్నియా ఆఫీసు వేళలకూ మధ్య రోజూ నలభై నిమిషాల తేడా పేరుకుంటూ పోతుంది. కొన్నాళ్లు గడిచేసరికి రోవర్ ఫొటోలు భూమికి చేరే వేళకు ఇక్కడ ప్లాన్ రాసే వేళ దాటిపోతుంది. అలాంటి రోజుల్లో రెండు సోల్‌లకు కలిపి ఒకే ప్లాన్ పంపాలి. శుక్రవారం పంపే ప్లాన్ మూడు సోల్‌లకు. మొదటి సోల్‌లో రోవర్ నడిచేసిందా, ఇక మిగిలిన సోల్‌లు భూమ్మీద ఎవ్వరూ చూడని చోట నిలబడి ఉంటుంది. వాతావరణం చూడొచ్చు, ఆకాశం ఫొటో తీయొచ్చు. లేజరుతో రాయిని కొట్టాలంటే మాత్రం గురి కావాలి, గురి చూపడానికి అక్కడ ఏముందో తెలియాలి.

క్యూరియాసిటీ మెడ మీది కెమ్‌క్యామ్ అనే పరికరం 7 మీటర్ల దాకా లేజరు కొడుతుంది. రాయి ఉపరితలం ఆవిరై మెరుస్తుంది, ఆ వెలుగులోని రంగుల్ని విడదీసి ఏయే మూలకాలున్నాయో చెబుతుంది. లేజరు చుక్క సైజు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. సాధారణంగా ఒక బిందువు మీద 30 సార్లు కొడతారు. మొదటి ఐదు దెబ్బలూ పైన పేరుకున్న దుమ్ము ఊడ్చడానికే సరిపోతాయి, వాటి ఫలితాన్ని పక్కన పెడతారు. మూడు వరసల్లో మూడేసి బిందువులు కొడితే 270 దెబ్బలు. ఇంత నేర్పుగా చేసే పనిని ఏజిస్ రాకముందు, చూడని చోట, ఎలా చేసేవారంటే: రోవర్ పక్కకు ఒక కోణం లెక్కగట్టి, అటు తిప్పి కొట్టేసేవారు. పరుపుబండ తగిలితే అదృష్టం, ఇసుక తగిలితే ఇసుకే. గుడ్డెద్దు చేలో పడ్డట్టన్నమాట. అలా కొడితే కోరుకున్న రకం రాయి తగిలే అవకాశం దాదాపు 24 శాతం. నాలుగింట మూడు దెబ్బలు వృథా.

ఇప్పుడు ఏజిస్ ఏం చేస్తుందో వరసగా చూద్దాం. నడక ముగిశాక రోవర్ నావిగేషన్ కెమెరాతో, భూమి నుంచి ముందే చెప్పిన దిక్కుకు, ఫొటో తీస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ ఫొటోలో వెలుగు హఠాత్తుగా మారే చోట్ల అంచులు వెతుకుతుంది. తెగిపోయిన అంచుల్ని కలిపి, చుట్టూ మూసుకున్న గీతలుగా మలుస్తుంది. అలా మూసుకున్న ప్రతి ఆకారమూ దాని లెక్కలో ఒక రాయి, లేదా రాయి లాంటిది. తరువాత ఒక్కోదాని సైజు, ఆకారం, ఎంత తెలుపు, ఎంత నలుపు, ఎంత దూరం అన్నవి కొలుస్తుంది. లేజరుకు అందనివీ, మరీ చిన్నవీ తీసేస్తుంది. మిగిలినవాటికి శాస్త్రవేత్తలు పంపిన కోరికల పట్టిక ప్రకారం ర్యాంకులు వేస్తుంది. మొదటి ర్యాంకు రాయిలో అంచులకు దూరంగా, బాగా లోపలికి ఉన్న చోటును గురిగా పెట్టుకుంటుంది. అంచు మీద కొడితే సగం దెబ్బలు పక్కనున్న ఇసుకలోకి పోతాయి కాబట్టి ఈ చివరి మెట్టు చిన్నదే అయినా చాలా ముఖ్యం. లేజరు దారిలో రోవర్ ఒళ్లు అడ్డం రాకూడదు, టెలిస్కోపు సూర్యుడి వైపు తిరగకూడదు. ఆ రెండూ చూసుకున్నాకే దెబ్బ.

ఇదంతా పదుల నుంచి వందల సెకన్లలో అయిపోతుంది. క్యూరియాసిటీ ప్రాసెసర్ వేగం 200 మెగాహెర్ట్జ్ దాటదు, మెమరీ 256 ఎంబీ. చవక స్మార్ట్‌ఫోను కూడా దీని ముందు ఐరావతం. ఆపర్చునిటీలో అయితే ప్రాసెసర్ 20 మెగాహెర్ట్జే. ఇప్పుడు మనం వింటున్న లోతైన న్యూరల్ నెట్‌వర్కులేవీ దీనిలో లేవు, ఉండడానికి చోటూ లేదు. అంచులు పట్టుకోవడం, కొలవడం, వడపోయడం, ర్యాంకు వేయడం, అంతే. రోవర్ మొత్తం నడిపే సాఫ్ట్‌వేర్ దాదాపు 38 లక్షల లైన్లుంటే ఇది 20 వేల లైన్ల దగ్గర ఆగింది. ఈ పొదుపు మాకు బాగా నచ్చింది. తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపించగలిగేంత చిన్నది. కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్న యంత్రానికి అది చిన్న సుగుణం కాదు.

ఫలితాల దగ్గరికొద్దాం. 2017లో రేమండ్ ఫ్రాన్సిస్, తోటి పరిశోధకులు బయటపెట్టిన లెక్క ప్రకారం, అంతకుముందు చూడని 2.5 కిలోమీటర్ల నేల మీద ఏజిస్ కోరిన రకం రాయిని 93 శాతానికి పైగా సార్లు సరిగ్గా పట్టింది. గుడ్డిగా కొడితే వచ్చే 24 పక్కన పెట్టి చూడాల్సిన అంకె ఇది. కెమ్‌క్యామ్ రోజుకు కొట్టే సగటు దెబ్బలు 256 నుంచి 327కు పెరిగాయి. అంటే పావు వంతుకు పైగా అదనం. కొత్త పరికరం ఒక్కటీ పంపకుండా, ఖాళీగా పోయే వేళల్ని వాడుకోవడంతోనే వచ్చిన అదనం.

ఇక్కడ ఒక జాగ్రత్త. 93 అంటే "శాస్త్రానికి అతి ముఖ్యమైన రాయిని పట్టింది" అని కాదు. "ఏ రకం రాయి కావాలన్నారో ఆ రకాన్ని పట్టింది" అని. ఈ రెంటికీ ఉన్న తేడాలోనే పోయిన మార్కు ఉంది.

ఏజిస్‌కు ప్రాధాన్యాలు తెలియవు, మనం చెప్పిన ప్రాధాన్యాలే తెలుసు. 2010 మార్చిలో ఆపర్చునిటీకి ఇచ్చిన కోరిక రెండు ముక్కలు: పెద్దగా ఉండాలి, నల్లగా ఉండాలి. కన్సెప్షన్ అనే గుంత దగ్గర తీసిన ఒక ఫొటోలో యాభైకి పైగా రాళ్లుంటే వాటిలోంచి అమెరికన్ ఫుట్‌బాల్ సైజు రాయిని ఎంచి, దాన్ని మంచి కెమెరాతో వేర్వేరు ఫిల్టర్లలో ఫొటోలు తీసింది. ఆ రెండు ముక్కలు రాసింది మనుషులే. ఊరికెళుతూ పాలేరుకు పని చెప్పిపోయినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. చెప్పింది తూచా తప్పకుండా చేస్తాడు. చెప్పడంలో మనం చేసిన పొరపాటునూ అంతే తూచా తప్పకుండా చేస్తాడు.

కాబట్టి ఈ ఉత్పత్తి నాణ్యత సగం ఆ కోరికల పట్టికలో ఉంటుంది. లేత రంగు పరుపుబండ కావాలనుకుంటే వెలుతురు ఎక్కువ, సైజు పెద్దది అని రాస్తారు. చుట్టూ ముదురు ఇసుక ఉన్నంతకాలం అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రోవర్ కొండ ఎక్కుతూ పోయి, బండ ముదురుగా, ఇసుక లేతగా ఉండే చోటికి చేరితే అదే పట్టిక ఇసుకను తెచ్చి చేతిలో పెడుతుంది. సాఫ్ట్‌వేర్ చెడిపోలేదు, నేల మారింది. నేల మారినప్పుడల్లా పట్టిక మార్చాలి. ఇది వదిలేసి మరిచిపోయే రకం సరుకు కాదు, పట్టికను ఎప్పటికప్పుడు చూసే మనిషి భూమ్మీద ఉండాలి. కెమెరాను ఏ దిక్కుకు తిప్పాలన్నది కూడా మనమే చెబుతాం. ఫొటోలో పరుపుబండే లేకపోతే ఏజిస్ ఉన్నవాటిలో మేలైనది ఇస్తుంది. గుడ్డిలో మెల్ల.

మిగతా ఇబ్బందులు కొన్ని దీని పద్ధతిలోంచే వస్తాయి. క్యూరియాసిటీ నావిగేషన్ కెమెరా నలుపు తెలుపుదే, 1024 చుక్కలు అడ్డం, 1024 నిలువు. రంగు తేడా దీనికి కనబడదు. మన ఇళ్లలో వేసే కడప బండనూ దాని పక్కన పడ్డ చిక్కటి నీడనూ నలుపు తెలుపు ఫొటోలో పెట్టి చూడండి, ఇబ్బంది వెంటనే అర్థమవుతుంది. నీడకు పదునైన అంచు ఉంటుంది, అంచులు వెతికే ప్రోగ్రాముకు అది రాయి అంచులాగే కనిపిస్తుంది. సాయంత్రం పొద్దు వాలేకొద్దీ నీడలు సాగుతాయి, కాబట్టి నడక ఆలస్యంగా ముగిసిన రోజు ఎంపిక కాస్త అనుమానంగానే చూడాలి. రెండోది, పెద్ద పరుపుబండకు కెమెరా చట్రంలో నాలుగు వైపులా అంచులు కనబడవు. మూసుకోని గీత రాయి లెక్కలోకి రాదు. కావాల్సిన బండ కళ్లెదుట పరుచుకుని ఉండగా, దాని మీది పగుళ్ల మధ్య చిక్కిన చిన్న ముక్కే ఎంపికయ్యే పరిస్థితి ఇక్కడే వస్తుంది. మూడోది, దుమ్ము. అంగారకుడి దుమ్ము అన్నిటినీ ఒకే లేత రంగుకు తెచ్చేస్తుంది, అసలు ముదురు రాయి కూడా దుమ్ము కప్పుకుంటే తెల్లదానిలా లెక్కలోకి వస్తుంది.

వీటన్నిటికంటే పెద్ద లోటు, దీనికి కొత్తదనం తెలియకపోవడం. నిన్న ఏం చూశాం, ఈ రాయి దానికంటే వేరా అన్న ప్రశ్న దీని పట్టికలో లేదు. 2024 మే 30న గెడిజ్ వాలిస్ అనే కాలువ దగ్గర క్యూరియాసిటీ చక్రం కింద ఒక రాయి చితికింది. లోపల పసుపుపచ్చటి స్ఫటికాలు. పరీక్షిస్తే స్వచ్ఛమైన గంధకం. అంగారకుడి మీద అలాంటిది దొరకడం అదే మొదలు. బయటి నుంచి చూస్తే అది చుట్టూ ఉన్న వాటిలాంటి రాయే. దాన్ని ఏజిస్ ఎంచలేదు, మనుషులూ ఎంచలేదు, 899 కిలోల బండి తొక్కింది. ఇందులో సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టాల్సిందేమీ లేదు. వెలుతురూ సైజూ చూసి రాళ్లను వరస పెట్టే పద్ధతి ఎక్కడిదాకా వస్తుందో మాత్రం దీంతో కొలుచుకోవచ్చు.

ఏజిస్‌కు రెండో పని ఒకటుంది, దాని గురించి తక్కువగా వింటాం. మా దృష్టిలో అసలు విలువ దానిలోనే ఎక్కువ. క్యూరియాసిటీ తిరుగుతున్న గేల్ గుంత రాళ్లలో కాల్షియం సల్ఫేట్‌తో నిండిన తెల్లటి సన్న చారలుంటాయి. ఎప్పుడో రాతి పగుళ్లలో నీళ్లు పారి వదిలిపెట్టినవి. ఒక్కో చార వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే. రోవర్ మెడ తిప్పడంలో వచ్చే చిన్న పొరపాటు కొన్ని మిల్లీరేడియన్లుంటుంది (మిల్లీరేడియన్ అంటే చాలా చిన్న కోణానికి కొలత). లెక్క తేలికే: ఒక మిల్లీరేడియన్ తప్పితే 3 మీటర్ల దూరంలో 3 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. మూడు మిల్లీరేడియన్లు తప్పితే 9 మిల్లీమీటర్లు, చార తప్పిపోయి పక్క రాయి తగిలినట్టే. అలా తప్పితే మళ్లీ ఇంకో రోజు ప్రయత్నించాలి, ఈలోగా బండి కదలకుండా ఆగాలి.

ఈ పనిలో మనుషులే గురి పెడతారు. కెమ్‌క్యామ్ దాని సొంత టెలిస్కోపు కెమెరాతో ఆ చోటు ఫొటో తీస్తుంది. దాని చూపు 20 మిల్లీరేడియన్ల వెడల్పు, 3 మీటర్ల దూరంలో దాదాపు 6 సెంటీమీటర్లు. ఆ ఫొటోలో చార ఎక్కడుందో ఏజిస్ కనిపెట్టి, గురిని ఆ కాస్త జరిపి కొడుతుంది. ఏది ముఖ్యమో తేల్చింది మనిషి, చెయ్యి వణకకుండా చూసింది యంత్రం. చుట్టూ ముదురు రాయి, మధ్యలో తెల్ల చార ఉంటే ఇది చాలా నమ్మకంగా పనిచేస్తుంది. చారకూ రాతికీ వెలుగులో తేడా తక్కువైతే దీనికీ చిక్కే.

పోటీ సరుకుల మాట కూడా ఒకటి. పర్సెవరెన్స్ చేతి చివర ఉన్న పిక్సిల్ అనే ఎక్స్‌రే పరికరం ఇంకో అడుగు ముందుకు వేసింది. రాతి మీద చుక్క చుక్కగా కొలుస్తూ పోయి, మధ్యలో ఏదైనా చుక్క దగ్గర ఆసక్తికరమైన ఖనిజం ఆనవాలు తగిలితే అక్కడే ఎక్కువసేపు ఆగుతుంది. అంటే ఆకారాన్ని కాక రసాయనాన్ని చూసి తేల్చుకుంటుంది. ఏజిస్‌లో మేం కోరుకునేది అదే: మొదటి దెబ్బల ఫలితం చూసి, ఇది వింతగా ఉంది, పక్కన ఇంకో రెండు బిందువులు కొడదాం అనగలగడం. అంతదాకా ఐదో మార్కు ఇవ్వం.

మన ప్రజ్ఞాన్‌కు ఇలాంటిది ఎందుకు పెట్టలేదని అడిగేవారుంటారు. శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3లోని ఆ రోవర్‌కు కూడా లేజరుతో కొట్టి మూలకాలు చెప్పే పరికరం ఉంది, 2023 ఆగస్టులో చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు నేలలో గంధకం ఉందని చెప్పింది అదే. కానీ చంద్రుడికి సిగ్నల్ 1.3 సెకన్లలో చేరుతుంది. బెంగళూరులో కూర్చున్న వాళ్లు చూసి చెప్పేంత తీరిక ఉన్నప్పుడు పాలేరుకు చీటీ రాసి పెట్టాల్సిన పనిలేదు.

ఎవరికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు? లేజరు దెబ్బ చవక. తప్పు రాయిని కొట్టినా పోయేది కొన్ని నిమిషాల వేళ, కాస్త కరెంటు. ఆ రాయి ఫలితమూ పూర్తిగా వృథా కాదు, ఇసుక రసాయనం కూడా సమాచారమే. అలాంటి చోట యంత్రానికి ఎంపిక వదిలేయడం సబబు. రాతి నమూనాల కోసం పర్సెవరెన్స్ వెంట తీసుకెళ్లిన 43 గొట్టాలు అలాంటివి కావు. వాటిలో 5 కాలుష్యం ఎంతుందో చూసుకోవడానికి, మిగిలినవి 38. ఒకసారి రాయిని తొలిచి గొట్టానికి మూత బిగించారంటే ఆ గొట్టం ఇక అంతే. ఏ రాయికి గొట్టం ఖర్చుపెట్టాలన్నది వందలమంది వారాల తరబడి వాదించుకుని తేల్చే సంగతి, అలాగే ఉండాలి. రోవర్‌లో తెలివి పెంచాలనే మాట వచ్చినప్పుడల్లా ముందు అడగాల్సింది ఎంత తెలివి అని కాదు, ఎంపిక తప్పితే ఏం పోతుంది అని.

దీని పనితనం స్వయంగా చూడాలనుకునేవారికి: క్యూరియాసిటీ పంపే ముడి ఫొటోలన్నీ నాసా సైటులో ఉచితంగా ఉంటాయి. ఏ సోల్ ఫొటోలు కావాలో ఎంచుకుని, కెమెరాల్లో కెమ్‌క్యామ్‌ను తీసుకోండి. నలుపు తెలుపులో గుండ్రటి ఫొటోలు వస్తాయి. మనుషులు ఎంచిన రాళ్లకు ఊళ్ల పేర్లో కొండల పేర్లో పెడతారు, ఏజిస్ ఎంచినదానికి ఏజిస్ అన్న మాటా, సోల్ సంఖ్యా తప్ప వేరే పేరుండదు. లేజరుకు ముందు తీసిన ఫొటో, తరువాత తీసిన ఫొటో పక్కపక్కన పెట్టి చూస్తే రెండోదానిలో వరసగా చిన్న చుక్కల్లాంటి గుంటలు కనబడతాయి. దుమ్ము ఎక్కువున్న రాయి మీద ప్రతి గుంట చుట్టూ ఒక శుభ్రమైన మచ్చ కూడా ఉంటుంది. ఆ వరస మొత్తం బండ మీదే ఉందా, చివరి గుంట ఇసుకలోకి జారిందా అన్నది చూడండి.